గజానికో గురువు

ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. పదవీ విరమణ చేశాక, గ్రాట్యుటీ బ్యాంకులో పడిన సంగతి ఎలా పొక్కిందో గానీ, అప్పటి నుంచీ ఖమ్మం పట్టణంలో నాకు విద్య నేర్పని మనిషంటూ లేడు. రిటైరైనవాడికి సర్కారు పింఛను ఇస్తుంది, వైద్యానికి కార్డు ఇస్తుంది. తోటి ఉద్యోగులు శాలువా కప్పి, దండేసి, ఇంటిదాకా దిగబెడతారు. గురువుల బారి నుంచి రక్షణ మాత్రం ఎవరూ ఇవ్వరు. ఈ ఘోరమైన లోపాన్ని ముందు పాఠకుల దృష్టికీ, ఆ తర్వాత వీలు చూసుకుని ఏదో ఒక సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికీ తేవడం నా ధర్మమని తలచి ఈ ఫిర్యాదు రాస్తున్నాను.

నేను చేసిన నేరం చిన్నది. పొద్దున నడకలో, లకారం చెరువు కట్ట మీద, పక్కనున్న పెద్దమనిషితో "నాలుగు డబ్బులు భూమి మీద పెడదామనుకుంటున్నానండీ, తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి" అన్నాను. నేను కట్ట అవతలి కొసకు చేరేసరికి ఆ మాట నాకంటే ముందు చేరింది. అక్కడ ముగ్గురు గురువులు నా కోసం నిలబడి ఉన్నారు.

మొదటాయన వైరా రోడ్డు వైపు కొనమన్నాడు. రెండో ఆయన కొత్తగూడెం వైపు చూపించాడు. మూడో ఆయన ఆ ఇద్దరినీ నమ్మొద్దని నన్ను పక్కకు తీసుకెళ్లి బోనకల్లు వైపు తిప్పాడు. ముగ్గురికీ ఆయా దిక్కుల్లో తలా ఒక ప్లాటు ఉందనీ, ఏళ్ల తరబడి అది అమ్ముడుపోవడం లేదనీ తర్వాత తెలిసింది. ఈ శాస్త్రంలో విద్యాదానం అంటే తన చేతిలో ఇరుక్కున్నదాన్ని శిష్యుడి చేతిలో పెట్టడమని నాకు ఆ కట్ట మీదే అర్థమైంది.

వాకింగ్ గురువుల్ని దారి మార్చి తప్పించుకోవచ్చు. వియ్యంకుడిని ఎలా తప్పించుకుంటాం? ఆయన పండక్కి వచ్చి, మా ఇంట్లో గారెలు తిని, చేయి కడుక్కోకముందే సూత్రం చెప్పాడు: "బావగారూ, దేవుడు భూమిని మళ్లీ పుట్టించడు. జనాన్ని మాత్రం పుట్టిస్తూనే ఉంటాడు. ఇంతకంటే లెక్క ఏముంది?" వియ్యంకుడితో వాదం పెట్టుకోవడం మర్యాద కాదు కనుక తల ఊపాను. కానీ ఆయన చూపిస్తున్న స్థలం గోదావరి దిగువన. భద్రాచలం దగ్గర నది 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. దేవుడు భూమిని మళ్లీ పుట్టించడన్నది ఒప్పుకుంటాను. అప్పుడప్పుడు వచ్చి వాడుకుంటాడన్న సంగతి కూడా ఆ సూత్రంలో చేర్చి ఉండాల్సింది. బ్రోచర్లో ఫొటోలు చూస్తే అన్నీ సంక్రాంతి నెలలో తీసినవే. ఆషాఢ శ్రావణాల్లో తీసిన ఫొటో ఒక్కటి లేదు.

ఉచిత గురువులు సరిపోలేదని మా అబ్బాయి నన్ను డబ్బు తీసుకునే గురువు దగ్గరికి పంపాడు. ఒక ఫంక్షన్ హాల్లో సదస్సు. ప్రవేశం ఉచితం, అసలు విద్యకు మాత్రం ఫీజు. హైదరాబాద్ నుంచి కోటు వేసుకుని వచ్చిన ఒక యువకుడు, మే నెల ఖమ్మం ఎండలో, 1997లో అమెరికాలో వచ్చిన 'రిచ్ డాడ్ పూర్ డాడ్' పుస్తకాన్ని చేత్తో పైకెత్తి, మా పేదరికం మా బుర్రల్లోనే ఉందని ప్రకటించాడు. నా పేదరికం నా పే స్కేలులో ఉందని ముప్పై ఏళ్లుగా నమ్ముతున్న నాకు ఇది కొత్త విషయం. ఆయన ముఖ్య బోధ ఏమిటంటే, తెలివైనవాడు తన సొమ్ముతో ఆస్తి కూడబెట్టడట, ఇతరుల సొమ్ముతో కూడబెడతాడట.

ఈ ఒక్క విషయంలో మాత్రం ఖమ్మం జిల్లావాసిగా నా ఆత్మగౌరవం దెబ్బతింది. ఇతరుల సొమ్ముతో కట్టడమనే విద్య మాకు ఒకరు వచ్చి నేర్పాలా? మా నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా ఉండి, తానీషాకు చేరాల్సిన శిస్తు సొమ్ముతో భద్రాద్రి మీద గుడి కట్టించలేదా? అందుకు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గలేదా? ఆయన కట్టింది దేవుడికి కాబట్టి ఆ బాకీ రాముడే వచ్చి తీర్చిపోయాడని భక్తుల నమ్మకం. గోపన్న రామదాసయ్యాడు. నేను హౌసింగ్ లోను తీసుకుని ప్లాటు మీద ప్లాటు కొంటే, వాయిదా తప్పిన నెలలో బ్యాంకు మేనేజరు ఎదుట ఏ దేవుడు ప్రత్యక్షమవుతాడో ఆ కోటు గురువు చెప్పలేదు. అడిగితే అది మూడు రోజుల కోర్సులో వస్తుందన్నాడు.

ఇక నా ఫిర్యాదులో పెద్ద భాగం మా బామ్మర్దికి సంబంధించింది. భద్రాచలంలో ఉంటాడు. ఒకప్పుడు సెల్‌ఫోన్ల షాపు, తర్వాత చిట్టీలు, ఇప్పుడు భూమి. "బావా, ఖమ్మంలో రేటు ముదిరిపోయింది. లేతగా ఉన్నప్పుడే పట్టాలి. అడివి అంచున కొనాలి" అన్నాడు. కారు పంపాడు. కారులో మరో నలుగురు శిష్యులున్నారు. దారిలో టిఫిను, సైటు దగ్గర బిర్యానీ, తిరుగు ప్రయాణంలో టీ. కొనకుండా వెనక్కి వెళ్తే బిర్యానీ అరగదని ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు. అందుకే భోజనం బేరానికి ముందు పెడతారు.

కొత్తగూడెం దాటి టేకు చెట్ల మధ్య పోతుంటే బామ్మర్ది దూరాలు చెప్పుకొచ్చాడు. రైల్వే స్టేషను పక్కనే అన్నాడు. కొత్తగూడెం స్టేషనుకు 'భద్రాచలం రోడ్' అని పేరు పెట్టి, భద్రాచలాన్ని నలభై కిలోమీటర్ల అవతల వదిలేసినవాళ్లు రైల్వేవారు. అంత పెద్ద సంస్థే అలా అన్నాక మా బామ్మర్ది 'పక్కనే' అనడాన్ని తప్పు పట్టలేను. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి కొత్త రైలు మార్గాన్ని 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, అది నిజం. ఆ రైలు ఇంకా రాకుండానే ధర మాత్రం బామ్మర్ది నోట్లో స్టేషను దిగేసింది.

వంతెన దాటి, భద్రాచలం ఊరు దాటి, ఇంకా కొంచెం ముందుకు పోయేసరికి సెల్‌ఫోను "ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం" అంది. 2014 విభజనప్పుడు పోలవరం ముంపు కోసం భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచి చుట్టూ ఊళ్లను అటు కలిపారు. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ ఐదు పంచాయతీలను తిరిగి ఇవ్వమని తెలంగాణ అడుగుతూనే ఉంది. గుడి ఇటు, పురుషోత్తపట్నంలో గుడి మాన్యం అటు. ఆ మాన్యం చుట్టూ ఆక్రమణల గొడవ. శ్రీరామచంద్రుడంతటివాడికే తన భూమి తనకు దక్కడం కష్టంగా ఉన్న ఊళ్లో నాకు మూడు వందల గజాలు సులువుగా దక్కుతాయని బామ్మర్ది హామీ. "ఊళ్లు ఇటొచ్చినా లాభమే బావా, అటే ఉన్నా లాభమే" అన్నాడు. ఏం జరిగినా లాభమే వచ్చే శాస్త్రాన్ని నేను జ్యోతిషంలో కూడా చూడలేదు.

సైటుకు ఆర్చి ఉంది, ఫ్లెక్సీ ఉంది, ఎర్ర జెండాలు పాతిన హద్దులున్నాయి. ఇప్ప చెట్టు కింద గొడ్లను మేపుకుంటున్న ఒక కోయ పెద్దాయన ఉన్నాడు. బామ్మర్ది టేపు పట్టుకుని గుంటలు లెక్కగడుతున్నాడు. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు, ఇది మాత్రం శుద్ధంగా చెప్పాడు. ఆ సందులో పెద్దాయన నన్ను చూసి, "సారూ, కొనెతందుకు వచ్చిండ్రా? ఇది మా చెలక. ఎవ్వరు కొన్నా మీ పేర రాదు. మొన్న కూడా ఒకాయన గిట్లనే కారేసుకొని వచ్చిండు" అన్నాడు. అంతే. మళ్లీ గొడ్లవైపు తిరిగాడు. కోటు గురువు మూడు రోజుల్లో, అదీ ఫీజు పుచ్చుకుని చెప్పే పాఠాన్ని ఈయన మూడు మాటల్లో పూర్తి చేశాడు. విద్యను ఇంత చవగ్గా పంచేస్తే మిగతా గురువులు ఎలా బతకాలని అడగాలనిపించింది.

ఇంటికొచ్చి, రిజిస్ట్రేషను ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే పాత మిత్రుడిని కదిలించాను. ఆయన నవ్వి, ఇన్నాళ్లూ నా గురువులెవరూ నోటితో పలకని ఒక అంకె పలికాడు: 1/70.

ఆయన చెప్పినదాని సారం ఇది. భద్రాచలం ఏజెన్సీలో ఆదివాసీల భూమి బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది. తర్వాత 1959లో ఒకటో రెగ్యులేషను వచ్చింది. 1963లో తెలంగాణ ఏజెన్సీకి కూడా వర్తించింది. అప్పటికీ వడ్డీ వ్యాపారులు, వలస వచ్చిన ఆసాములు తెల్లకాగితాల మీద భూములు రాయించుకోవడం ఆగలేదు. 1970లో దాన్ని బిగించారు. అదే 1/70. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి బదిలీ అయితే అది చెల్లదు. అమ్మినవాడు గిరిజనుడైనా చెల్లదు, గిరిజనేతరుడైనా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. ఇదంతా చెల్లుతుందని 1988లో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్రాన్ని రెండు చేశారు గానీ ఈ చట్టం సరిహద్దుకు ఇటూ అటూ కూడా ఉంది. భద్రాచలం అంత పెద్ద ఊరు అయ్యుండి ఇప్పటికీ మునిసిపాలిటీ కాకుండా గ్రామ పంచాయతీగానే ఉండటానికి కూడా ఈ షెడ్యూల్డు ప్రాంతపు హోదాయే కారణం.

ఈ చట్టాన్ని దస్తావేజు మిత్రుడి ఎదుటే బామ్మర్ది ముందు పెట్టాను. ఆశ్చర్యం ఏమిటంటే ఆయనకు తెలుసు. తెలియకపోవడం అటుంచి, దాన్ని దాటే మార్గాలన్నీ కంఠస్థం. "నోటరీ చేయిద్దాం బావా" అన్నాడు. నోటరీ ముద్ర సంతకం ఎవరు పెట్టారో చెబుతుంది, భూమి ఎవరిదో మార్చదు. "పోనీ, తొంభై తొమ్మిదేళ్ల లీజు రాయిద్దాం." చట్టంలో బదిలీ అన్న మాటకు అమ్మకంతో పాటు తాకట్టు, కౌలు, దానం, మార్పిడి అన్నీ వస్తాయి. "అయితే మనకు తెలిసిన గిరిజనుడి పేరు మీద పెడదాం." అంటే నా గ్రాట్యుటీ నేను కట్టాలి, పట్టా ఆయనది కావాలి, రాత్రి నిద్ర ఎవరికీ పట్టకూడదు. దీనికి బినామీ చట్టం వేరే కాచుకుని ఉంది. "పక్కనే పోడు పట్టా ఉంది, చవక." 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా బిడ్డలకు వారసత్వంగా పోతుంది, అమ్మడానికి వీల్లేదు. "అసైన్డు భూమి?" దాని అమ్మకాన్ని 1977లోనే నిషేధించారు. ఆయన ఒక్కో తలుపు చూపించడం, దస్తావేజు మిత్రుడు దానికి తాళం ఎప్పుడు వేశారో సంవత్సరం చెప్పడం. చివరికి బామ్మర్ది విసిగిపోయి "ఇట్లా అన్నీ ఆలోచిస్తే ఎవడూ బాగుపడడు బావా" అన్నాడు. ఏజెన్సీలో ఇదివరకు కొనుక్కున్నవాళ్లు ఎంత బాగుపడ్డారో భద్రాచలంలో గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో భూబదిలీ (ఎల్టీఆర్) కేసులు చూస్తే తెలుస్తుంది. ఆ కోర్టు వరండాను మించిన పాఠశాల నాకు కనిపించలేదు. అందులో ప్రవేశం నిజంగానే ఉచితం. సైటు విజిట్లో దాన్ని మాత్రం ఏ గురువూ చూపించడు.

అడివి సంగతి వదిలి మైదానంలోనే కొనుక్కుంటానన్నా నన్ను బతకనివ్వలేదు. ఖమ్మం చుట్టూ పట్టణాభివృద్ధి సంస్థ సుడా ఉంది, లేఅవుట్‌కు డీటీసీపీ అనుమతి ఉంది, రియల్ ఎస్టేటుకు రెరా ఉంది. గురువుల దృష్టిలో ఇవన్నీ 'తర్వాత వచ్చేవి'. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన స్థలమైనా, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్నా, రిజిస్ట్రేషను నంబరు లేకుండా ప్రకటన వేయకూడదు, అమ్మకూడదు, బయానా పుచ్చుకోకూడదు. నంబరు వచ్చాక కూడా అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా పది శాతం మించి తీసుకోకూడదు. 'ప్రీలాంచ్ ఆఫర్' అని మురిపెంగా పిలుస్తున్నది అసలు చేయకూడని పని. నేను నంబరు అడిగితే ఒక గురువు నన్ను జాలిగా చూసి, "నంబరు వచ్చాక మీరు కొనగలరా సార్?" అన్నాడు.

అనుమతి లేని వెంచరులో కొంటే ఏమవుతుందని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: స్థలాల్ని క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్ వస్తుంది. వచ్చింది. 2020లో వెయ్యి రూపాయలు కట్టి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పెట్టారు. ఏళ్లు గడిచాక, 2025లో పాతిక శాతం రాయితీ ఇస్తాం రండి అని పిలిచేదాకా ఎదురుచూపులే. ఆ పాతిక లక్షల దరఖాస్తుల వెనుకా ఎవరో ఒక గురువు ఉండే ఉంటాడు. ఆయన దరఖాస్తు మాత్రం అందులో ఉండదు. కమీషను పుచ్చుకుని పోయినవాడికి క్రమబద్ధీకరణ అవసరం లేదు.

నా గురువులకు లెక్కలు కూడా సగమే వస్తాయి. గజం రేటు నోటికొచ్చు. ఇరవై లక్షల ప్లాటుకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను కలిపి ఏడున్నర శాతం, అంటే లక్షన్నర అవుతుందని ఎవరూ చెప్పలేదు. మధ్యవర్తికి రెండు శాతం చొప్పున నలభై వేలు అవుతుందని మాత్రం అందరూ చెప్పారు. ఈసీ ముప్పై ఏళ్లకు తీయించాలని, లింకు డాక్యుమెంట్లు వరసగా చూడాలని, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో వెతకాలని, 2020లో వచ్చిన ధరణి పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది కాబట్టి రికార్డు అందులో సరిచూడాలని నాకు చెప్పినవాడు దస్తావేజు మిత్రుడొక్కడే. ఆయన నేను కొన్నా బతుకుతాడు, కొనకపోయినా బతుకుతాడు.

చుట్టాలను, ఇరుగుపొరుగును నమ్మాలి గానీ పుస్తకాలను నమ్మితే ఏమొస్తుందని మా ఇంట్లో అంటారు. అలా అన్నప్పుడల్లా అగ్రిగోల్డు కథ నేను గుర్తుచేస్తుంటాను. స్థలాలిస్తామంటూ ఆ విజయవాడ సంస్థ లక్షలమంది దగ్గర సొమ్ము కట్టించుకుంది. 2014-15 ప్రాంతంలో చెల్లింపులు ఆగిపోయేసరికి ఊరూరా గొల్లుమన్నారు. కట్టించినవాళ్లు దొంగల్లా ముసుగేసుకుని రాలేదు. మేనమామ, పక్కింటి పంతులు, డ్వాక్రా సంఘంలో అక్క. వాళ్లలో చాలామంది తమ సొమ్ము కూడా అందులోనే పోగొట్టుకున్నారు. చుట్టం చెప్పాడు కాబట్టి నిజమనుకోవడం, వాడికి ఇంకో చుట్టం చెప్పి ఉండటం, ఇలాగే ఈ గురుపరంపర ఊళ్ల మీదుగా నడుస్తోంది.

కావున అధికారులకు నా విన్నపాలు ఇవి. భూమి గురించి బోధించే ప్రతి వ్యక్తీ తనకు అందులో వచ్చే కమీషను శాతాన్ని చొక్కా జేబు మీద పెద్ద అక్షరాల్లో కుట్టించుకోవాలి. వియ్యంకులకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వకూడదు. బ్రోచరులో 'ప్రకృతి ఒడిలో' అని ఏ సైజు అక్షరాల్లో వేస్తారో '1/70' అని అదే సైజులో వేయాలి. సైటు దగ్గర బిర్యానీ వడ్డించే ముందు ఈసీ వడ్డించాలి. ఎవరైనా గోదావరి ఒడ్డున ప్లాటు అమ్మదలిస్తే శ్రావణ మాసంలో అక్కడే ఒక రాత్రి పడుకుని చూపించాలి.

ఇవేవీ జరగవని నాకు తెలుసు. నా గ్రాట్యుటీ ఇంకా బ్యాంకులోనే ఉంది. వడ్డీ తక్కువని ఇంట్లో రోజూ దెప్పుతున్నారు. లకారం కట్ట మీద నాకు నమస్కారాలు తగ్గిపోయాయి, బామ్మర్ది ఫోను ఎత్తడం మానేశాడు. కొత్తగా ఈ విద్యలోకి దిగేవాళ్లకు చెప్పదగింది రెండు ముక్కలు. మీరు కొంటే డబ్బు వచ్చేవాడిని గురువనుకోకండి, కొనకపోయినా తనకేమీ పోనివాడిని వెతుక్కుని అడగండి. అడిగే మొదటి ప్రశ్న గజం రేటు గురించి వద్దు, ఆ ఊరు షెడ్యూల్డు ప్రాంతంలో ఉందా లేదా అని అడగండి. మా సరిహద్దులో ఒక ఊరు ఆ జాబితాలో ఉంటే పక్క ఊరు ఉండదు. ఉందని తేలితే కారు అక్కడే తిప్పేయండి. అది ఆదివాసీల భూమి, మనకు అమ్మకానికి లేదు.